అయస్కాంతంతో సాగే పేగు చిప్‌కి ఎఫ్‌ఈఆర్ (పేటెంటు ఆఫీసు మొదటి పరీక్ష నివేదిక) వచ్చింది. చదివి, తిట్టాల్సి ఉంటే తిట్టండి

చిప్పల_చిన్నోడు · తరమణి, చెన్నై · సోమవారం రాత్రి 11:42

రెండేళ్లుగా ఈ వేదికలో ఊరికే చదివిపోయేవాణ్ణి. ఇప్పుడు నా నెత్తి మీదికే వచ్చింది, అందుకే రాస్తున్నా.

మాది ముగ్గురు మనుషుల స్టార్టప్. ఒక షేర్డ్ ల్యాబ్‌లో రెండు బెంచీలు అద్దెకు తీసుకుని ఆర్గన్-ఆన్-ఎ-చిప్ చేస్తున్నాం. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో: సిలికోన్ దిమ్మలో పైనొకటి, కిందొకటి సన్నని కాలువలు. మధ్యలో రంధ్రాల పొర. పొర మీద పేగు కణాలు పెంచుతాం. అసలు పేగు ఒక్క క్షణం ఊరుకోదు, ముడుచుకుంటూ సాగుతూనే ఉంటుంది. కాబట్టి పొర కూడా అలా సాగాలి. 2012లో హార్వర్డ్ వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేసిన పేగు చిప్‌లో పక్క గదుల్లోంచి గాలి పీల్చి పొరని 10 శాతం సాగదీశారు, 0.15 హెర్ట్జ్ దగ్గర. అంటే నిమిషానికి 9 సార్లు.

మేం ఆ గాలి గొట్టాలన్నీ పీకేశాం. చిప్ పక్కగోడల్లో ఇనుప పొడి కలిపిన సిలికోన్ పట్టీలు పెట్టాం. పళ్లెం కింద అయస్కాంతాలు తిరుగుతాయి. అవి దగ్గరికొచ్చినప్పుడల్లా పట్టీ లాగబడుతుంది, పొర సాగుతుంది. వాక్యూమ్ పంపు లేదు, ఇంక్యుబేటర్ తలుపు సందులోంచి గొట్టాలు దూర్చే గోల లేదు.

ఎఫ్‌ఈఆర్ వచ్చి రెండు నెలలు కావస్తోంది. అందులో మాకు అడ్డంగా చూపించిన పాత పత్రాలు మూడు. డి1 ఆ గాలితో సాగే చిప్. డి2 కాయిల్ పెట్టి పొరని ఆడించే అయస్కాంత మైక్రోపంపు. డి1లో గాలి తీసి డి2లో అయస్కాంతం పెట్టడం ఎవరికైనా తట్టేదే, కనుక ఇన్వెంటివ్ స్టెప్ (ఇట్టే తోచని ముందడుగు) లేదు అన్నారు. డి3 చూస్తే కళ్లు తిరిగాయి. అది మేమే 2023 డిసెంబర్‌లో బెంగళూరులో ఒక సదస్సులో పెట్టిన పోస్టర్ సారాంశం! ఇంకా పేటెంటు చట్టం సెక్షన్లు 3(ఎఫ్), 3(ఐ), 3(జే), 10(4), అన్నీ వేశారు. ఒక్క 3(కే) మాత్రమే వదిలేశారు, సాఫ్ట్‌వేర్ లేదు కాబట్టి.

మా క్లెయిమ్ 1 (మాదని హక్కు అడుగుతున్న మొదటి వాక్యం) ఇది: "కణాలు పెరుగుటకు వీలైన సాగే పొర గల మైక్రోఫ్లూయిడిక్ చిప్, ఆ పొరను సాగదీసే అయస్కాంత సాధనం కలిగిన ఆర్గన్-ఆన్-ఎ-చిప్ పరికరం."

ఇదంతా మేమే రాసుకున్నాం, ఏజెంట్‌కి డబ్బుల్లేక. ఇప్పుడు ఆ ఎగ్జామినర్‌కి ఎలా చెప్పాలి, ఇది చేయడానికి మాకు రెండేళ్లు పట్టిందని?


గోడ_మీద_పిల్లి · సోమవారం రాత్రి 11:58

రెండేళ్లు పట్టింది పరికరానికి. క్లెయిమ్‌కి రెండు నిమిషాలు పట్టినట్టుంది.


కామాలక్క · బెంగళూరు · మంగళవారం ఉదయం 7:15

తమ్ముడూ, ముందు తేదీలు పెట్టు. ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) ఎప్పుడు, కంప్లీట్ (పూర్తి దరఖాస్తు) ఎప్పుడు, పోస్టర్ ఏ రోజు, పోస్టర్‌లో ఏం చూపించారు, ఆ తర్వాత ఎక్కడైనా ఏమైనా చూపించారా. తేదీలు లేకుండా పేటెంటు గురించి మాట్లాడటం జాతకం లేకుండా ముహూర్తం పెట్టడమే.

ఇంకోటి. ఫారం 3 (విదేశాల్లో వేసిన దరఖాస్తుల వివరాలు) వేశావా? 2024 మార్చి 15 నుంచి అమల్లోకొచ్చిన సవరణ నిబంధనల ప్రకారం ఎఫ్‌ఈఆర్ వచ్చిన మూడు నెలల్లోపు తాజా ఫారం 3 వేయాలి. ఎఫ్‌ఈఆర్‌కి జవాబివ్వడానికి ఆరు నెలలు, ఫారం 4తో ఇంకో మూడు నెలలు ఉంది కదా అని కూర్చుంటే ఇది జారిపోతుంది. నువ్వు రెండు నెలలు తిట్టుకుంటూ గడిపేశావు కాబట్టి చెబుతున్నా.


చిప్పల_చిన్నోడు · మంగళవారం ఉదయం 8:02

అక్కా, ఫారం 3 సంగతి నిజంగా తెలియదు. ఇవాళే వేస్తా.

పోస్టర్ 2023 డిసెంబర్. ప్రొవిజనల్ 2024 మార్చి. కంప్లీట్ 2025 ఫిబ్రవరి. స్టార్టప్ కోటాలో 18ఏ (త్వరగా పరీక్షించమని కోరే ఫారం) వేశాం, 8000 రూపాయలు. క్లెయిములు 14. పది దాటినందుకు ఒక్కోదానికి 320 చొప్పున కట్టాం.


మాజీ_పరీక్షకుడు · వేళచ్చేరి, చెన్నై · మంగళవారం మధ్యాహ్నం 2:20

పద్నాలుగేళ్లు ఆ బల్ల అవతల కూర్చున్నవాణ్ణి. ఇప్పుడు రిటైరై మనవడికి లెక్కలు చెబుతున్నాను, కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

బాబూ, ముందు ఒక మాట. చెన్నైలో వేసిన దరఖాస్తు చెన్నైలోనే పరీక్షిస్తారన్న రూలేం లేదు. దేశంలో ఏ ఆఫీసులో ఉన్న ఎగ్జామినర్‌కైనా కంప్యూటర్ అప్పగిస్తుంది. కాబట్టి "ఆ ఎగ్జామినర్" ఎవరో, నీ మీద ఆయనకేం కోపమో అన్న ఆలోచన మానెయ్యి. ఆయన ముందున్నది నీ కాగితం ఒక్కటే.

ఆ కాగితాన్ని ఎలా చదువుతామో చెబుతాను. క్లెయిమ్ 1ని ముక్కలు కోస్తాం. నీ దాంట్లో మూడు ముక్కలున్నాయి: మైక్రోఫ్లూయిడిక్ చిప్, కణాలు పెరిగే సాగే పొర, అయస్కాంత సాధనం. ఎడమ పక్క ఈ మూడూ రాసుకుని, కుడి పక్క డి1లో ఏముందో వెతుకుతాం. మొదటి రెండూ డి1లో దొరికాయి. మూడోది డి2లో దొరికింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈ రెంటినీ కలపాలని ఆ పని తెలిసినవాడికి తోస్తుందా? డి2లోనే "మెత్తని పొరను అయస్కాంతంతో ఆడించవచ్చు" అని ఉంటే తోస్తుందనే రాస్తారు. నేనైనా అదే రాసేవాణ్ణి. నువ్వు రెండేళ్లు పడ్డ కష్టం ఆ పట్టికలో ఏ గడిలోనూ లేదు. అది క్లెయిమ్‌లో ఉంటేనే గడి వస్తుంది.

చట్టం మాట కూడా చూడు. 2(1)(జేఏ) ప్రకారం ఉన్న జ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగైనా ఉండాలి, ఆర్థిక ప్రాముఖ్యమైనా ఉండాలి, లేదా రెండూ. దానికి తోడు ఆ పనిలో నేర్పున్నవాడికి ఇట్టే తోచేది కాకూడదు. 1978లో సుప్రీంకోర్టు బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో చెప్పిన మాట ఇప్పటికీ హియరింగుల్లో వినిపిస్తుంది. అది గిన్నెల కేసు. లేత్ మీద ఇత్తడి పాత్రలు తిప్పేటప్పుడు జారకుండా పట్టుకునే ఏర్పాటుకి పేటెంటు ఇచ్చారు. కోర్టు అది కొట్టేసింది, వర్క్‌షాపులో మంచి పనివాడు చేసుకునే మెరుగుదలకి మించి అందులో ఏమీ లేదని. నీ "అయస్కాంత సాధనం" ఇప్పుడున్న రూపంలో ఆ గిన్నెల పక్కనే కూర్చుంటుంది.


చిప్పల_చిన్నోడు · మంగళవారం సాయంత్రం 6:31

సార్, నేర్పున్నవాడు అంటున్నారు. ఈ రంగంలో నేర్పున్నవాడు సెల్ బయాలజిస్టు. వాళ్లకి అయస్కాంతాలు ఎక్కడ తెలుసు? మా ల్యాబ్‌లో ఒకావిడ నియోడిమియం బిళ్ల దగ్గరికి సెల్‌ఫోన్ తేవడానికే భయపడతారు.


మాజీ_పరీక్షకుడు · మంగళవారం సాయంత్రం 7:05

ఆ నేర్పున్నవాడు ఒక్క మనిషే కానక్కర్లేదు. ఇలాంటి పరికరానికి బృందంగా ఊహించుకుంటారు: కణాలు తెలిసినవాడొకడు, సన్న కాలువలు చెక్కేవాడొకడు, మోటార్లూ అయస్కాంతాలూ తెలిసినవాడొకడు. నీ కంపెనీలో ముగ్గురున్నారన్నావు, వాళ్లెవరు?


చిప్పల_చిన్నోడు · మంగళవారం సాయంత్రం 7:09

ఒక బయాలజిస్టు, ఒక మైక్రోఫ్లూయిడిక్స్ పిల్లాడు, నేను మెకానికల్.


గోడ_మీద_పిల్లి · మంగళవారం సాయంత్రం 7:10

తన గొయ్యి తానే తవ్వుకున్నట్టు.


మోటార్_వైండింగ్ · అంబత్తూరు, చెన్నై · మంగళవారం రాత్రి 9:48

నాకు ఈ పేటెంటు సంగతులు తెలీవు. చిత్తూరు నుంచొచ్చి పాతికేళ్లుగా ఇక్కడ మోటార్లు చుట్టుకుంటా ఉండా. నీ పరికరం బాగుంది కాబట్టి అడగతా.

ఒకటి. కాయిల్ పెట్టకుండా తిరిగే అయస్కాంతం ఎందుకు పెట్టినావు? రెండు. ఎన్ని చిప్‌లు, ఒక్కో దాని కింద ఎన్ని బిళ్లలు? మూడు. అన్నీ ఒకే ఇరుసు మీద తిరిగితే, అన్ని బిళ్లలూ ఒక్కసారే పైకొస్తే, ఆ చిన్న గేర్ మోటారు ఎట్ల తట్టుకుంటాది? ఎక్కి దిగే జర్కు రావాల గదా.


చిప్పల_చిన్నోడు · మంగళవారం రాత్రి 10:20

బాబాయ్, మీరు అడిగినంత సూటిగా ఎవరూ అడగలేదు.

కాయిల్ వేడెక్కుతుంది. ఇంక్యుబేటర్ 37 డిగ్రీలు బాగా దాటితే కణాలు చస్తాయి. పర్మనెంట్ అయస్కాంతానికి ఆ బాధ లేదు.

చిప్‌లు ఎనిమిది, వరసగా. ఒక్కో చిప్ కింద ఒక చిన్న చక్రం, దాని అంచున ఎదురెదురుగా రెండు నియోడిమియం బిళ్లలు. రిచీ స్ట్రీట్‌లో 12 వోల్టుల గేర్ మోటారు కొన్నాం. ఒక్క చుట్టుకి ఒక్కో చిప్ రెండుసార్లు లాగబడుతుంది, కాబట్టి నిమిషానికి నాలుగున్నర చుట్లు చాలు, 9 సార్లు సాగుతుంది.

మూడోది మీరన్నట్టే జరిగింది. మొదట అన్ని చక్రాలూ ఒకే వరసలో బిగించాం. చక్రానికొకటి చొప్పున ఎనిమిది బిళ్లలు ఒక్కసారి పైకొచ్చేసరికి మోటారు అక్కడే ఆగి, మూలిగి, ఒక్క ఉదుటున దూకేది. అందుకే చక్రాల్ని ఒకదానికొకటి 22.5 డిగ్రీలు తిప్పి బిగించాం.


మోటార్_వైండింగ్ · మంగళవారం రాత్రి 10:27

360ని ఎనిమిదితో భాగిస్తే 45 గదా?


చిప్పల_చిన్నోడు · మంగళవారం రాత్రి 10:33

ఇనుప పొడికి ఉత్తరమా దక్షిణమా అన్న పట్టింపు లేదు బాబాయ్, ఏ ధ్రువమొచ్చినా లాగబడుతుంది. రెండు బిళ్లలు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి సగం చుట్టుకే కథ మళ్లీ మొదలవుతుంది. 180ని ఎనిమిదితో భాగించాలి. 45 పెడితే ఒకటీ అయిదూ, రెండూ ఆరూ కలిసి లాగుతాయి.

ఇలా తిప్పాక మోటారు నూనె పోసినట్టు తిరిగింది. కానీ ఇంకో తలనొప్పి మొదలైంది. మూడో చిప్ కింద బిళ్ల పైకొచ్చినప్పుడు రెండూ నాలుగూ కూడా కొంచెం వణికేవి. అన్నీ ఒక్కసారే లాగినప్పుడు ఈ పక్కింటి వణుకు కనిపించలేదు. వేళలు మార్చేసరికి ప్రతి చిప్‌కీ దాని సాగుడుకి తోడు పక్కవాళ్ల దొంగ సాగుళ్లు వచ్చిపడ్డాయి.


మోటార్_వైండింగ్ · మంగళవారం రాత్రి 10:41

దూరంగా పెట్టుకో. అయస్కాంతం లాగుడు దూరంతో ధబేల్మని పడిపోతాది.


చిప్పల_చిన్నోడు · మంగళవారం రాత్రి 10:50

పెట్టలేం. మల్టీచానెల్ పిప్పెట్‌కి ఎనిమిది ముక్కులుంటాయి, ముక్కుకీ ముక్కుకీ మధ్య 9 మిల్లీమీటర్లు. 96 గుంటల ప్లేటు కొలత అది. ప్రపంచంలో ప్రతి ల్యాబూ ఆ కొలతకే కట్టుబడి ఉంది. మా ఎనిమిది చిప్‌లూ 9 మి.మీ. దూరంలోనే ఉండాలి, లేకపోతే ఒక్కోదాంట్లో విడివిడిగా మందు పోసుకోవాలి, ఎవరూ కొనరు.

అందుకని బిళ్లలకీ చిప్‌లకీ మధ్య మైల్డ్ స్టీల్ రేకు పెట్టాం. రేకు అడ్డం పెడితే మొత్తం లాగుడే పోయింది. తర్వాత ప్రతి చిప్ కింద రేకులో ఒక చీలిక కోశాం. పట్టీ వెడల్పుకి సరిపడా, 4 మి.మీ. కోస్తే పక్కవాడి వణుకు తగ్గింది గానీ పోలేదు. 3 మి.మీ.కి తగ్గించాం. అప్పుడు వణుకు పోయింది, సొంత లాగుడు మాత్రం పనికొచ్చేంత మిగిలింది. మైక్రోస్కోపు కింద రెండో చిప్‌లో ఒక కణం అంచుని గుర్తుపెట్టుకుని చూస్తూ కూర్చున్నా. మూడోది లాగినా అది కదల్లేదు. ఆ రాత్రి ముగ్గురం వెళ్లి తెల్లారేదాకా టీలు తాగాం.


కామాలక్క · మంగళవారం రాత్రి 11:02

ఆగు ఆగు. ఈ రేకు, ఈ చీలిక, ఈ 22.5 డిగ్రీలు, స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులోని వివరణలో) ఉన్నాయా?


చిప్పల_చిన్నోడు · మంగళవారం రాత్రి 11:04

ఉన్నాయి అక్కా. పేరా 47, బొమ్మ 4. కొలతలతో సహా.


కామాలక్క · మంగళవారం రాత్రి 11:05

క్లెయిముల్లో?


చిప్పల_చిన్నోడు · మంగళవారం రాత్రి 11:09

లేవు. అవి మరీ చిన్న సంగతులనుకున్నా. మాది "అయస్కాంత ఆర్గన్ చిప్" అన్నదే పెద్ద ఆవిష్కరణ అనుకున్నాం.


కామాలక్క · మంగళవారం రాత్రి 11:40

నీ పేటెంటు పేరా 47లో పడి నిద్రపోతోంది నాయనా.

నీకిప్పుడు వాదన దొరికింది, చూడు. డి1లో పక్క చిప్‌ని కదిలించే సమస్యే లేదు, ఎందుకంటే గాలి తన గదిలోనే ఉంటుంది. డి2లో కూడా లేదు, ఎందుకంటే అక్కడున్నది ఒకే పంపు. రెంటినీ కలిపి, ఎనిమిదింటిని 9 మి.మీ. దగ్గర పేర్చి, మోటారు ఆగకుండా వేళలు మార్చినప్పుడే ఈ సమస్య పుడుతుంది. సమస్య పుట్టాలంటేనే ముందు కలపాలి. కాబట్టి దాని పరిష్కారం డి1, డి2 చదివినవాడికి తోచదు. ఇదే నీ జవాబుకి వెన్నెముక. 3(ఎఫ్)కి కూడా ఇదే మందు. ఆ సెక్షన్ తెలిసిన పరికరాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పక్కపక్కన ఉంటేనే వర్తిస్తుంది. నీ దాంట్లో కోణం మార్చడం వల్ల రేకు కావలసి వచ్చింది, రేకు వల్ల చీలిక కావలసి వచ్చింది, చీలిక కొలత పట్టీ కొలత మీద ఆధారపడింది. ఒకటి తీస్తే మిగతావి కూలతాయి.

సవరణకి సెక్షన్ 59 అడ్డం రాదు. వివరణలో ముందే ఉన్న లక్షణాన్ని క్లెయిమ్‌లోకి తెచ్చి దాన్ని కుదిస్తున్నావు, పరిధి పెంచడం లేదు. వివరణలో లేనిది ఒక్క ముక్క తెచ్చావో, అక్కడే ఆగిపోతుంది.


మాజీ_పరీక్షకుడు · బుధవారం ఉదయం 6:10

అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కటే కలుపుతాను. జవాబులో "ఇది కొత్తది, అద్భుతమైనది" అన్న మాటలు ఒక్కటీ రాయకు. రేకు లేనప్పుడు, నిండు రేకు, 4 మి.మీ. చీలిక, 3 మి.మీ. చీలిక, ఈ నాలుగింటికీ పక్క చిప్ ఎంత సాగిందో ఒక చిన్న పట్టిక పెట్టు. దరఖాస్తు తర్వాత చేసిన కొలతలైనా చూస్తారు, కాకపోతే అప్పటికే స్పెసిఫికేషన్‌లో ఉన్న సంగతికి బలంగా మాత్రమే. కొలతలతో కొత్త ఆవిష్కరణ పుట్టించకూడదు.

10(4) కింద, అంటే చేసే పద్ధతి పూర్తిగా చెప్పలేదని, ఏం రాశారు? ఇనుప పొడి పాళ్లు రాయలేదనా?


చిప్పల_చిన్నోడు · బుధవారం ఉదయం 9:00

అవును సార్. ఒక చోట "తగినంత" అని రాశాం. కానీ ఉదాహరణ 2లో బరువు ప్రకారం పాళ్లు, పట్టీ మందం, బిళ్లకీ పట్టీకీ దూరం ఉన్నాయి.


మాజీ_పరీక్షకుడు · బుధవారం ఉదయం 9:12

అయితే బతికావు. ఉదాహరణ 2ని వేలుపెట్టి చూపించు. మన చట్టంలో తెలిసినంతలో మేలైన పద్ధతి చెప్పి తీరాలి. ఉప్పు ఎంతో రాయకుండా "తగినంత" అంటే వంటల పుస్తకానికి చెల్లుతుంది గానీ ఇక్కడ చెల్లదు.


పిప్పెట్_పంతులమ్మ · బెంగళూరు · బుధవారం మధ్యాహ్నం 1:30

నేను కణాలు పెంచేదాన్ని. మీ క్లెయిములు 9, 10 పెడతారా? 3(ఐ), 3(జే) ఎందుకొచ్చాయో చూడాలనుంది.


చిప్పల_చిన్నోడు · బుధవారం మధ్యాహ్నం 1:44

9: "రోగి నుండి తీసిన కణాలను పరికరంలో పెంచి, మందులను పరీక్షించి, పనిచేసిన మందును ఆ రోగికి ఇచ్చే పద్ధతి."
10: "మానవ పేగు కణజాలం కలిగిన, క్లెయిమ్ 1లోని పరికరం."


పిప్పెట్_పంతులమ్మ · బుధవారం మధ్యాహ్నం 2:25

9లో ఆ చివరి ముక్కే కొంప ముంచింది. "ఆ రోగికి ఇచ్చే" అన్నారంటే చికిత్స పద్ధతే, 3(ఐ) అచ్చంగా దానికోసమే ఉంది. కోసెయ్యండి. చిప్‌లో మందు విషగుణం కొలిచే పద్ధతిగా మిగల్చండి. "శరీరం బయట చేశాం కాబట్టి డయాగ్నొస్టిక్ కాదు" అన్న వాదన ఒక్కటే నమ్ముకోకండి. శరీరం బయట చేసినంత మాత్రాన తప్పించుకోలేరని మద్రాస్ హైకోర్టు 2023లో చెప్పింది. మీది రోగ నిర్ధారణ కాదు, మందు పరీక్ష. ఆ మాటే రాయండి.

10 సంగతి: 3(జే) ప్రకారం జంతువులూ మొక్కలూ, వాటి భాగాలూ పేటెంటుకి రావు. "కణజాలం కలిగిన" అనగానే ఎగ్జామినర్ కలం లేస్తుంది. "కణాలను స్వీకరించుటకు అనువైన" అని పరికరం గురించే రాస్తే సరిపోతుంది. మీరు అమ్మేది దిమ్మె, పేగు కాదు కదా.

పేటెంటుతో సంబంధం లేని ప్రశ్న ఒకటి. ఇనుప పట్టీ కణాలకి తగులుతుందా? రెండోది, పీడీఎంఎస్, అంటే మీ చిప్ సిలికోన్, నూనె గుణమున్న మందుల్ని స్పాంజిలా పీల్చేస్తుంది. మందు పోసి, కణాలకి ఏమీ కాలేదని సంబరపడితే, మందంతా గోడలోకి పోయి ఉంటుంది. ఇది మీరొక్కరిదే కాదు, ఈ రంగం మొత్తానికున్న దరిద్రం.


చిప్పల_చిన్నోడు · బుధవారం మధ్యాహ్నం 3:00

పట్టీ గోడ లోపలే ఉంటుంది మేడమ్, పైన మామూలు సిలికోన్ పొర ఉంది, కణాలకి తగలదు. పీల్చుడు గురించి మాత్రం మా దగ్గర మందు లేదు. మందు పోసిన చోటా బయటికొచ్చిన చోటా రెండు చోట్లా కొలుస్తున్నాం, అంతే.


గోడ_మీద_పిల్లి · బుధవారం సాయంత్రం 5:17

ఇంతకీ వీటిని కొనేదెవరు? ఎలుకలుండగా.


పిప్పెట్_పంతులమ్మ · బుధవారం సాయంత్రం 5:31

2022 డిసెంబర్‌లో అమెరికా చట్టం మార్చింది, కొత్త మందుకి జంతు పరీక్ష తప్పనిసరి అన్న మాట తీసేసింది. 2023 మార్చిలో మన కొత్త మందుల నిబంధనల్లోనూ ఆర్గన్ చిప్‌ల లాంటివి ఒప్పుకున్నారు. ఎలుకలు రేపే ఇంటికి పోవు గానీ, మీరు గోడ దిగొచ్చు.


కామాలక్క · బుధవారం రాత్రి 10:05

మళ్లీ తేదీల దగ్గరికి వస్తున్నా. రేకు సంగతి ప్రొవిజనల్‌లో ఉందా?


చిప్పల_చిన్నోడు · బుధవారం రాత్రి 10:12

లేదు అక్కా. 2024 మార్చికి రేకు ఆలోచనే లేదు. కంప్లీట్‌లోనే పెట్టాం.


కామాలక్క · బుధవారం రాత్రి 10:38

అయితే రేకున్న క్లెయిమ్‌కి ప్రాధాన్య తేదీ (కొత్తదో కాదో లెక్కకట్టే తేదీ) 2025 ఫిబ్రవరే. ప్రొవిజనల్‌లో ఆధారం లేని క్లెయిమ్‌కి ఆ పాత తేదీ దక్కదు. కాబట్టి ఆ లోపు రేకుని బయట ఎక్కడ చూపించినా అది నీ మీదికే వస్తుంది.

పోస్టర్‌కి సెక్షన్ 31 పెట్టి గట్టెక్కుదామని చూడకు. విద్వత్సభలో చదివిన పత్రానికి 12 నెలల వెసులుబాటు ఉంది, 2024 నిబంధనల్లో దానికి ఫారం 31 కూడా పెట్టారు. కానీ గోడకి అంటించిన పోస్టర్ "చదివిన పత్రం" అవుతుందా అన్న పంచాయితీ నీకెందుకు? సారాంశంలో రేకు లేదు కదా? లేదనే రాయి, చాలు. డి3 చెప్పేది "అయస్కాంతంతో పేగు చిప్ సాగుతుంది" అని మాత్రమే. ఆ మాట ఇప్పుడు నీ ఆవిష్కరణే కాదు.

ఇక అసలు ప్రశ్న. 2024 మార్చికీ 2025 ఫిబ్రవరికీ మధ్య ఏం చూపించారు? గుర్తుచేసుకుని రాయి. డెమో డే, పెట్టుబడిదారుల స్లైడ్లు, వాట్సాప్ స్టేటస్, అన్నీ.


చిప్పల_చిన్నోడు · గురువారం తెల్లవారుజాము 1:20

ఒక వీడియో ఉంది.

2024 ఆగస్టులో మా పిల్లాడు ల్యాబ్‌లో తీసి పెట్టాడు. నలభై సెకన్లు. ఇప్పుడే పదిసార్లు ఆపి ఆపి చూశా. పళ్లెం మీద మూత ఉంది. ఒక చోట మూత ఎత్తుతాడు, రెండు సెకన్లు. రేకు అంచు పక్కనుంచి కనిపిస్తుంది. చీలికలు కనిపించవు, చిప్‌లు వాటి మీదున్నాయి. గుండె ఇంకా కొట్టుకుంటోంది.


మాజీ_పరీక్షకుడు · గురువారం ఉదయం 6:02

నిద్రపో బాబూ. పక్కనుంచి ఒక ఇనుప అంచు కనిపిస్తే అందులో చీలిక ఉందనీ, అది పట్టీ కన్నా సన్ననిదనీ ఎవరికీ తెలియదు. చూసినవాడు మళ్లీ చేసుకోగలిగేంత చెబితేనే అది వెల్లడి. నీ క్లెయిమ్‌లో చీలిక వెడల్పు ఉన్నంత కాలం ఆ వీడియోతో దాన్ని పడగొట్టడం కష్టం. అందుకే చీలిక వెడల్పుని ఉపక్లెయిమ్‌లోకి నెట్టకు, క్లెయిమ్ 1లోనే ఉంచు.

ఎవరైనా పోటీదారు ప్రీ-గ్రాంట్ వ్యతిరేకత (పేటెంటు ఇవ్వకముందే వేసే అభ్యంతరం) వేసి ఆ వీడియో తేవచ్చు. రానీ, చూద్దాం. నువ్వు మాత్రం దాన్ని తీసేయకు. తీసేస్తే పాతది పోదు, అనుమానం మాత్రం వస్తుంది.


చిప్పల_చిన్నోడు · శనివారం రాత్రి 8:50

మీ అందరి పుణ్యాన కొత్త క్లెయిమ్ 1, తెలుగులో రాసుకున్నది. దీన్నే ఇంగ్లీషులో వేస్తా:

"ఒక పళ్లెంలో వరుసగా అమర్చిన అనేక మైక్రోఫ్లూయిడిక్ చిప్‌లు, ఒక్కొక్క చిప్‌లో సాగే పొర, ఆ పొరకు పక్కగోడలో అయస్కాంతాకర్షణకు లోనగు పట్టీ, పళ్లెం కింద ఒకే ఇరుసుపై చిప్‌కొకటి చొప్పున చక్రాలు, ఒక్కొక్క చక్రం అంచున ఎదురెదురుగా రెండు శాశ్వత అయస్కాంతాలు, ఏ రెండు చిప్‌ల పట్టీలూ ఒకే సమయంలో ఆకర్షింపబడకుండునట్లు ఆ చక్రాలు ఒకదానికొకటి కోణం మార్చి బిగింపబడినవి, అయస్కాంతాలకు చిప్‌లకు మధ్య మెత్తని ఇనుప రేకు, ఆ రేకులో ప్రతి పట్టీ కింద ఒక చీలిక, చీలిక వెడల్పు పట్టీ వెడల్పు కన్నా తక్కువ."


కామాలక్క · శనివారం రాత్రి 9:30

"అనేక" అన్నది చాలు, ఎనిమిది అనకు, మంచిదే చేశావు. భాగాల పక్కన బొమ్మలోని నంబర్లు బ్రాకెట్లలో పెట్టు, అడుగుతారు. "మెత్తని ఇనుము" మీద అనుమానం, వివరణలో "మైల్డ్ స్టీల్" అని ఒక్కటే ఉందా, ఇంకా విశాలంగా ఉందా?


చిప్పల_చిన్నోడు · శనివారం రాత్రి 9:36

"మైల్డ్ స్టీల్ వంటి మృదు అయస్కాంత పదార్థం" అని ఉంది.


కామాలక్క · శనివారం రాత్రి 9:37

అయితే అదే మాట యథాతథంగా వాడు. సొంత కవిత్వం వద్దు. 9, 10 మేడమ్ చెప్పినట్టు మార్చు. 14 క్లెయిముల్లో 11 నుంచి 13 వరకు తీసెయ్, అవి క్లెయిమ్ 1నే వేరే మాటల్లో చెబుతున్నాయి.


మోటార్_వైండింగ్ · శనివారం రాత్రి 10:15

నాకు ఒక్క ముక్క అర్థం కాలా గానీ ఆ మోటారు జర్కు గురించి అడిగింది నేనే అని చెప్పుకుంటా అంగట్లో.


చిప్పల_చిన్నోడు · ఐదు నెలల తర్వాత, మంగళవారం సాయంత్రం 4:45

హియరింగ్ అయింది. వీడియో కాల్‌లోనే. ఇరవై నిమిషాలు.

3(ఎఫ్), 3(ఐ), 3(జే), 10(4) జవాబుతోనే తీసేశారు. డి1, డి2 కలిపి ఇన్వెంటివ్ స్టెప్ మాత్రం మిగిల్చారు. కంట్రోలర్ గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "పక్క అయస్కాంతం ఇబ్బంది పెడితే ఇనుప రేకు అడ్డం పెట్టడం ఎవరైనా చేసేదే కదా?" నేను పట్టిక తెరిచాను. నిండు రేకు పెడితే సొంత లాగుడు కూడా పోయిందని, పట్టీకి సరిపడా చీలిక పెడితే చాలలేదని, పట్టీ కన్నా సన్నగా కోస్తేనే కుదిరిందని చూపించా. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బొమ్మ 4 తెరవమన్నారు. చీలిక పక్కన పట్టీ గీత ఎక్కడుందో వేలితో చూపించమన్నారు. చూపించా. "రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు.

15 రోజులు టైముంది. రేపే వేసేస్తా. ఏమవుతుందో తెలియదు గానీ, ఆయన నా పరికరాన్ని చదివారు. అది మొదటిసారి అనిపించింది.


మాజీ_పరీక్షకుడు · మంగళవారం సాయంత్రం 5:20

బొమ్మ తెరవమన్నారంటే ఆసక్తి పుట్టినట్టే. ఆ వేలుపెట్టి చూపించిన మాటే రాతలో మొదటి పేరాగా పెట్టు.


మోటార్_వైండింగ్ · మంగళవారం రాత్రి 9:05

సంతోషం నాయనా. ఒక అనుమానం. ఇంక్యుబేటర్‌లో తేమ గదా. మైల్డ్ స్టీల్ రేకు తుప్పు పట్టదా?


చిప్పల_చిన్నోడు · మంగళవారం రాత్రి 9:18

పట్టింది బాబాయ్, మూడు వారాల్లో. అంబత్తూరులో మీ పక్క వీధిలోనే నికెల్ పూత వేయించాం. అయితే పూత వేశాక చీలిక అంచుల దగ్గర ఒక చిత్రం జరిగింది, అంచుని ముందు ఒక పద్ధతిలో గుండ్రంగా రుద్ది, ఆ తర్వాత పూత వేస్తే లాగుడు ఇంకా


కామాలక్క · మంగళవారం రాత్రి 9:19

ఆపు!! ఇది స్పెసిఫికేషన్‌లో ఉందా?


చిప్పల_చిన్నోడు · మంగళవారం రాత్రి 9:20

లేదు. పోయిన నెలే తెలిసింది.


కామాలక్క · మంగళవారం రాత్రి 9:20

మరి ఇక్కడ రాస్తావేంట్రా, ఇది బహిరంగ వేదిక. నిర్వాహకుడు గారూ, దయచేసి ఈ దారానికి తాళం వెయ్యండి. తమ్ముడూ, ఫోన్ చెయ్యి. ఇప్పుడే.


నిర్వాహకుడు · మంగళవారం రాత్రి 9:26

తాళం వేశాను.